పాకం తెలిసిన చేతికి దొంగ తెలుస్తాడు

ఊళ్ళో ఒక హత్య. పక్కన సగం తిన్న కేకు. పోలీసులు తలలు పట్టుకుంటే బేకరీ నడిపే ఒకావిడ నేరస్థుణ్ని పట్టేస్తుంది. ‘కోజీ మిస్టరీ’ అనే ఈ నవలలు నూరేళ్ళుగా పాఠకుల్ని పట్టి కూర్చోబెడుతున్నాయి. తుపాకులూ ఛేజింగులూ లేని ఈ కథల్లో మిఠాయికి అంత చోటెందుకు? వంటింటి తెలివికి అంత గౌరవం ఎక్కణ్నుంచి వచ్చింది?

మా అమ్మమ్మ ఇంట్లో సున్నుండల డబ్బా వంటగది గూట్లో ఉండేది. పాత ఇత్తడి డబ్బా. ఒక వేసవి సెలవుల్లో, మధ్యాహ్నం పెద్దవాళ్ళు కునుకు తీస్తున్న వేళ, అందులోంచి నాలుగు ఉండలు మాయమయ్యాయి. పిల్లలం ఏడుగురం. వరసగా నిలబెట్టి అడిగితే ఏడుగురమూ తల అడ్డంగానే ఊపాం. అమ్మమ్మ మళ్ళీ అడగలేదు. చీర కొంగుతో డబ్బా మూత తుడిచి పెట్టేసింది. వసారాలో మంచినీళ్ళ కుండ పక్కన పీట వేసుకుని, చింతపండులో గింజలు తీస్తూ కూర్చుంది.

సున్నుండ తిన్న నోరు ఊరుకోదు. సున్నిపిండి అంగిట్లో అంటుకుంటుంది, నెయ్యి గొంతులో పేరుకుంటుంది, బెల్లం దాహం పుట్టిస్తుంది. అరగంటలో మా చిన్న మామయ్య కొడుకు మూడుసార్లు కుండ దగ్గరికి వచ్చాడు. మూడోసారి గ్లాసు అందిస్తూ అమ్మమ్మ వాడి ముఖంలోకి ఒక్కసారి చూసింది. వాడు తల దించుకున్నాడు. కేసు తేలిపోయింది.

ఆ తర్వాత కొన్నేళ్ళకు అద్దె పుస్తకాల షాపు నుంచి డిటెక్టివ్ నవలలు తెచ్చుకుని చదవడం మొదలైంది. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు మాకు ఇంటి మనుషులైపోయారు. డిటెక్టివ్ అంటే అలాగే ఉంటాడనుకున్నాం. ఆఫీసు, కారు, ఫోను, పోలీసు అధికారుల పరిచయాలు. మా అమ్మమ్మకు అవేవీ లేవు. ఉన్నవి ఒక పీట, చింతపండు, సున్నుండ తింటే నోరేమవుతుందో తెలిసిన అనుభవం. ఆమె కూడా డిటెక్టివేనని నాకు తోచింది చాలా కాలానికి, మిస్ మార్పుల్ కథ చదివినప్పుడు.

వందలూ వేలూ

1927 డిసెంబరులో ఒక ఆంగ్ల మాసపత్రికలో అగాథా క్రిస్టీ రాసిన చిన్న కథ అచ్చయింది. పేరు ‘ద ట్యూజ్‌డే నైట్ క్లబ్’. ఒక పల్లెటూరి ఇంట్లో ఆరుగురు కూర్చుని ఉంటారు. ఒకరు స్కాట్లాండ్ యార్డ్ కమిషనర్‌గా పనిచేసి విరమించిన పెద్దమనిషి. ఒకరు లాయరు, ఒకరు మతగురువు, ఒకరు రచయిత, ఒకరు చిత్రకారిణి. వీళ్ళంతా వారానికొకరు తమకు తెలిసిన చిక్కు కేసు చెప్పాలని, మిగతావాళ్ళు విప్పాలని అనుకుంటారు. ఓ మూల అల్లిక పని చేసుకుంటున్న ముసలావిడను లెక్కలోకి తీసుకోవడమే మరిచిపోతారు. ఆవిడే జేన్ మార్పుల్, ఆ ఇంటి యజమానురాలు.

మొదటి కేసు కమిషనర్ గారే చెబుతారు. రాత్రి భోజనం చేశాక ఒకావిడ చనిపోయింది. ఆమె భర్త రాసిన ఉత్తరం సిరా అద్దుడు కాగితం మీద అచ్చుపడి, అందులో ‘వందలూ వేలూ’ అన్న మాటలు కనిపించాయి. డబ్బు సంగతేనని అందరూ అనుకున్నారు. మిస్ మార్పుల్‌కు మాత్రం ఆ మాట వినగానే ట్రైఫిల్ గుర్తొచ్చింది. ఇంగ్లండులో కేకు మీదా, ట్రైఫిల్ అనే తీపి వంటకం మీదా చల్లే రంగురంగుల చక్కెర పలుకులకు వాడుక పేరు అదే: ‘హండ్రెడ్స్ అండ్ థౌజండ్స్’. మన బేకరీల్లో పుట్టినరోజు కేకు మీద మెరిసేవి అవే. లాయరూ కమిషనరూ కోర్టు భాషలో చదివిన మాటను ఆవిడ వంటింటి భాషలో చదివింది. ఎవరు చేశారు, ఎలా చేశారు అన్నది ఇక్కడ చెప్పను. కథ చదివితే ఆ తీపి మీకే దక్కుతుంది.

ఆ తర్వాత 1930లో ‘ద మర్డర్ ఎట్ ద వికారేజ్’తో మిస్ మార్పుల్ నవల్లోకి అడుగుపెట్టింది. సెయింట్ మేరీ మీడ్ అన్న చిన్న ఊరు ఆవిడ లోకం. ఎక్కడ ఏ నేరం జరిగినా మా ఊళ్ళో పాలవాడూ ఇలాగే చేశాడు, ఫలానా పనిమనిషీ ఇలాగే అబద్ధమాడింది అని పోల్చుకుంటుంది. ఊరందరి గుట్టూ తెలిసిన ముసలమ్మలు మన ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఆ తెలివికి మొదటి వరసలో కుర్చీ వేసింది క్రిస్టీ.

విషాల సంగతి క్రిస్టీకి ఊహతో వచ్చింది కాదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో తన సొంత ఊరు టార్కీలో ఆస్పత్రి మందుల విభాగంలో పనిచేసింది. ఏ మందు ఎంత మోతాదు దాటితే ప్రాణం తీస్తుందో అక్కడే నేర్చుకుంది. ఆమె మొదటి నవల ‘ద మిస్టీరియస్ ఎఫైర్ ఎట్ స్టైల్స్’ 1920లో వెలువడ్డాక, విషాన్ని సరిగ్గా రాసిందని మందుల వృత్తికి చెందిన పత్రిక మెచ్చుకుంది.

ఒక పెట్టె, ఆరుగురు, ఆరు జవాబులు

మిఠాయి చుట్టూ అల్లిన నవలల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది 1929లో వచ్చిన ‘ద పాయిజన్డ్ చాక్లెట్స్ కేస్’. రచయిత ఆంథొనీ బర్క్‌లీ. లండన్‌లో ఒక క్లబ్బుకు ఓ పెద్దమనిషి పేరిట చాక్లెట్ పెట్టె పోస్టులో వస్తుంది. కంపెనీ కొత్త రకం రుచి చూడమని పంపినట్టు లోపల ఉత్తరం. ఆయనకు చాక్లెట్లు పడవు. విసుక్కుంటాడు. పక్కనే ఉన్న మరో సభ్యుడు నాటకం చూస్తూ భార్యతో వేసిన పందెంలో ఓడిపోయి, ఆమెకు చాక్లెట్ పెట్టె బాకీ పడి ఉంటాడు. ఆ పెట్టె అతని చేతికి మారుతుంది. భోజనం తర్వాత భార్యాభర్తలు తింటారు. రెండే తిన్న భర్త బతుకుతాడు, ఎక్కువ తిన్న భార్య చనిపోతుంది.

పోలీసులు చేతులెత్తేస్తారు. నేరాల గురించి చర్చించుకునే ఒక చిన్న బృందం కేసు చేతికి తీసుకుంటుంది. లాయరు, నాటక రచయిత్రి, నవలా రచయిత్రి, డిటెక్టివ్ కథల రచయిత, బృందం పెట్టిన షెరింగ్‌హామ్, వీళ్ళతో పాటు ఎవరూ పెద్దగా పట్టించుకోని చిటర్‌విక్ అనే బెరుకు మనిషి. ఒక్కో రాత్రి ఒక్కొక్కరు లేచి తమ జవాబు చెబుతారు. ప్రతి జవాబూ విన్నంతసేపూ నిజమే అనిపిస్తుంది. మరునాడు ఇంకొకరు లేచి దాన్ని పునాదులతో సహా కూలుస్తారు. చిటర్‌విక్ వంతు చివరిది.

ఈ నవల ఆకర్షణ ఎంతటిదంటే, అచ్చయిన యాభై ఏళ్ళకు 1979లో క్రిస్టియానా బ్రాండ్ దీనికి ఏడో జవాబు రాసింది. 2016లో బ్రిటిష్ లైబ్రరీ కొత్త ముద్రణ కోసం మార్టిన్ ఎడ్వర్డ్స్ ఎనిమిదోది రాశాడు. ఒకే పాకంతో ఎనిమిది రకాల మిఠాయి పోసినట్టు. బర్క్‌లీ 1930లో లండన్‌లో ‘డిటెక్షన్ క్లబ్’ స్థాపించాడు. క్రిస్టీ, డొరొతీ సేయర్స్ లాంటి రచయితలు అందులో సభ్యులు. పాఠకుడికి ఆధారాలన్నీ ముందే చూపించాలి, దొంగాట ఆడకూడదు అన్నది వాళ్ళు పెట్టుకున్న నియమం. కోజీ నవలలు నేటికీ ఆ మర్యాద తప్పలేదు.

నిజంగానే జరిగింది

చాక్లెట్‌లో విషం రచయితల కల్పనే అనుకుంటే పొరపాటు. 1871 జూన్ 12న, ఇంగ్లండులో సముద్రతీర పట్నం బ్రైటన్‌కు సెలవులకు వచ్చిన కుటుంబంలో సిడ్నీ బార్కర్ అనే నాలుగేళ్ళ బాబు చాక్లెట్ తిని చనిపోయాడు. కొన్నది ఊళ్ళో మంచి పేరున్న మిఠాయి దుకాణంలో. అది ప్రమాదమేనని మొదట తేల్చారు. ఆ విచారణలో, నాకూ ఈ దుకాణం చాక్లెట్లు తింటే ఒంట్లో బాగాలేదు అని సాక్ష్యం చెప్పిన మహిళ పేరు క్రిస్టియానా ఎడ్మండ్స్. తర్వాత తెలిసింది, విషం కలిపింది ఆవిడే. వీధి పిల్లల చేత చాక్లెట్లు కొనిపించి, వాటిలో స్ట్రిక్‌నిన్ కలిపి, వేరే రకం కావాలని ఆ పిల్లలతోనే దుకాణానికి తిప్పి పంపేది. దుకాణదారు వాటిని మళ్ళీ అమ్మకానికి పెట్టేవాడు. 1872 జనవరిలో మరణశిక్ష పడింది. తర్వాత దాన్ని మార్చి బ్రాడ్‌మూర్ మానసిక చికిత్సాలయానికి పంపారు. 1907లో అక్కడే చనిపోయింది.

అంతకు పదమూడేళ్ళ ముందు, 1858లో బ్రాడ్‌ఫర్డ్ పట్నంలో పగ ఏమీ లేకుండానే ఇరవై మంది దాకా చనిపోయారు. రెండు వందల మందికి పైగా జబ్బు పడ్డారు. అప్పట్లో చక్కెర ఖరీదు. మిఠాయి తయారీలో జిప్సం లాంటి తెల్లపొడి కల్తీ చేయడం మామూలు. ఆ పొడి కోసం మందుల షాపుకు మనిషిని పంపితే, అక్కడి కుర్రాడు పొరపాటున ఆర్సెనిక్ తూచి ఇచ్చాడు. అది బిళ్ళల్లో కలిసింది, సంతలో అమ్ముడుపోయింది. విషాల అమ్మకాన్ని అదుపులో పెట్టిన 1868 ఫార్మసీ చట్టానికి దారి తీసిన ఘటనల్లో ఇదొకటి.

ఈ రెండు సంగతులూ చదివాక ఈ కథల్లో మిఠాయి ఎందుకుంటుందో నాకు తేటపడింది. మనం లోకంలో దేన్నైనా పరీక్షించి తీసుకుంటాం. వంకాయ తిప్పి చూస్తాం, నోటు వెలుగులో పెట్టి చూస్తాం. మిఠాయి మాత్రం చెయ్యి చాపి తీసుకుని నోట్లో వేసుకుంటాం. పక్కింట్లో పాప పుట్టిందని, వాళ్ళబ్బాయికి ఉద్యోగం వచ్చిందని ఎవరో పొట్లం విప్పితే అనుమానం అన్నది మన దరిదాపులకు రాదు. మంచి కబురు చెప్పినవాళ్ళను నీ నోట్లో చక్కెర పొయ్య అని దీవించే భాష మనది. తీపి అంటే నమ్మకం. నమ్మకంలో విషం కలిసినప్పుడు చనిపోయేది ఒక్క మనిషే కాదు, ఊరు ఊరంతా ఒకరి చేతి వంట ఒకరు తినడానికి జంకుతుంది. కోజీ నవలలో డిటెక్టివ్ చేసే అసలు పని ఆ జంకు పోగొట్టడం. నేరస్థుణ్ని పట్టుకోవడం దానికి దారి.

రేషన్ రోజుల కేకు

1950లో వచ్చిన క్రిస్టీ నవల ‘ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్’లో ఒక చాక్లెట్ కేకు ఉంది. యూరప్ నుంచి శరణార్థిగా వచ్చిన మిట్సీ అనే వంటమనిషి పుట్టినరోజు కోసం చేస్తుంది. ఆ ఇంట్లో దాని ముద్దుపేరు ‘డెలీషియస్ డెత్’, కమ్మని చావు. ఇవాళ చదివితే అదొక చమత్కారంలా అనిపిస్తుంది. ఆ రోజుల్లో చదివినవాళ్ళకు గుండె కలుక్కుమని ఉంటుంది. బ్రిటన్‌లో 1942లో మొదలైన మిఠాయి రేషన్ 1953 ఫిబ్రవరి దాకా నడిచింది. చక్కెర, వెన్న అన్నీ కొలిచి ఇచ్చే కాలం. అలాంటప్పుడు ఒక ఇంట్లో నిండుగా చాక్లెట్టూ వెన్నా పోసి కేకు చేశారంటే, దాని వెనక ఎన్ని వారాల పొదుపు ఉండాలి! ఆ కేకు మీదికి మృత్యువు నీడ తీసుకురావడంలోనే క్రిస్టీ పనితనం ఉంది.

క్రిస్టీ మరో కథలో డిటెక్టివ్ హెర్క్యుల్ పోయ్‌రో తాను ఓడిపోయిన కేసు చెబుతాడు. అదీ మిఠాయి పెట్టెదే. పెట్టె ఒక రంగు, మూత ఇంకో రంగు. ఆ తేడా అతని కంటపడింది కానీ, దాని వెనక అడగాల్సిన ప్రశ్న అడగలేకపోయాడు. ఎప్పుడైనా తనకు గర్వం తలకెక్కితే ‘చాక్లెట్ పెట్టె’ అని గుర్తు చేయమని స్నేహితుడు హేస్టింగ్స్‌కు చెప్పుకుంటాడు. చూడటం వేరు, పట్టించుకోవడం వేరు. వంట చేసేవాళ్ళకు ఈ తేడా రోజూ పరీక్ష పెడుతుంది.

బేకరీలో సాక్షులు

అట్లాంటిక్ అవతల ఈ కథలు బేకరీలోకి మారాయి. అమెరికాలో డయాన్ మాట్ డేవిడ్‌సన్ 1990లో ‘కేటరింగ్ టు నోబడీ’తో గోల్డీ అనే కేటరర్‌ను డిటెక్టివ్ చేసింది. 2000లో జోఆన్ ఫ్లూక్ ‘చాక్లెట్ చిప్ కుకీ మర్డర్’తో హానా స్వెన్సన్‌ను పరిచయం చేసింది. మిన్నెసోటా రాష్ట్రంలో లేక్ ఈడెన్ అనే కల్పిత పట్నం. హానా అక్కడ ‘ద కుకీ జార్’ అనే బేకరీ నడుపుతుంది. ఓ ఉదయం పాలు తెచ్చే కుర్రాడు ఆమె దుకాణం వెనక తన వ్యానులోనే కాల్పులకు బలై కనిపిస్తాడు. చుట్టూ ఆమె చేతి కుకీలు చెదిరి ఉంటాయి.

హానా మరిది పోలీసు శాఖలో పనిచేస్తాడు. ఆమె సాయం అతనికి ఎందుకు కావాలో చూడండి. పోలీసు ఎదుట నోరు విప్పని మనిషి, కాఫీ పోసి వేడి కుకీ ముందు పెట్టిన మనిషితో అన్నీ చెబుతాడు. దుకాణంలో కౌంటరు అవతల నిలబడ్డావిడ ఊళ్ళో ఎవరికీ పరాయిది కాదు. ఎవరు ఏ రోజు ఏం కొంటారో, ఎవరు ఉన్నట్టుండి అలవాటు మార్చుకున్నారో ఆమెకు తెలుసు. పుస్తకంలో మధ్యమధ్య కుకీల తయారీ విధానాలు కొలతలతో సహా ఉంటాయి. ఈ వరసలో ఇప్పటికి ఇరవై ఐదుకు పైగా నవలలు వచ్చాయి. 2015 నుంచి టీవీ సినిమాలుగానూ తీశారు. ఏటా అమెరికాలో ఈ తరహా రచనలకు ఇచ్చే ‘అగాథా’ పురస్కారం జ్ఞాపిక టీపాట్.

ఆఫ్రికాలో బోట్స్‌వానా రాజధాని గాబరోనీలో నడిచే అలెగ్జాండర్ మెకాల్ స్మిత్ నవలలు 1998లో మొదలయ్యాయి. అందులో డిటెక్టివ్ మా రామోత్స్వే వచ్చినవాళ్ళకు బుష్ టీ ఇచ్చి కూర్చోబెడుతుంది. ఆమె స్నేహితురాలు, అనాథాశ్రమం నడిపే మా పొటొక్వానీ, ఫ్రూట్ కేకు ముక్క ముందు పెట్టి ఊళ్ళో ఎవరి చేతనైనా ఏ పనైనా చేయించుకోగలదు. పిల్లల కోసం పంపు బాగు చేయించాలన్నా కేకే. దేశం మారినా తీపి చేసే పని ఒక్కటే: గుమ్మం దాటించి కూర్చోబెట్టి మాట్లాడించడం.

ఉండ కడితేనే

సంక్రాంతికి ముందు మా ఇంట్లో అరిసెల పాకం పట్టడం చూడటానికి పిల్లలం పొయ్యి చుట్టూ చేరేవాళ్ళం. బెల్లం కరిగి బుడగలు పెద్దవై, వాసన మారేది. పెద్దమ్మ పళ్ళెంలో చన్నీళ్ళు పోసి గరిటెతో ఒక బొట్టు వేసేది. అది నీళ్ళలో చెదిరిపోతే ఇంకా లేత. వేళ్ళతో దగ్గరికి లాగితే మెత్తటి ఉండ అయితే దించాల్సిన క్షణం అదే. ఇంకొంచెం ఆగితే ముదిరి అరిసెలు రాళ్ళవుతాయి. తొందరపడితే నూనెలో వేయగానే విడిపోతాయి. గడియారం చూసి ఎవరూ పాకం పట్టరు. బొట్టు ఏం చెబుతుందో చూసి పడతారు.

మంచి కోజీ రచయిత చేసేదీ ఇదే. ఆధారాన్ని తొందరపడి బయటపెడితే కథ విడిపోతుంది, మరీ దాచిపెడితే బిగుసుకుపోతుంది. పాఠకుడి ముందు ఒక్కో బొట్టు వేస్తూ, అది ఎప్పుడు ఉండవుతుందో కనిపెడుతూ ఉండాలి. ఇలాంటి నవలలు రక్తం లేకపోయినా విసుగు పుట్టించకపోవడానికి కారణం ఈ పాకమే. చేసినవాళ్ళకు తెలుస్తుంది ఇది ఎంత కష్టమైన పనో. వంటింటి పని అని, ఆడవాళ్ళ పుస్తకాలని ఈ తరహాను తేలిగ్గా చూసేవాళ్ళ మాట అందుకే నాకు రుచించదు.

మన గుమ్మంలో కథ

తెలుగులో డిటెక్టివ్ నవలకు పెద్ద పాఠకవర్గమే ఉండేది. నవ్వు కలిపిన డిటెక్టివ్ కథను మల్లాది వెంకట కృష్ణమూర్తి రాస్తే, జంధ్యాల దాన్ని 1986లో ‘చంటబ్బాయ్’ సినిమాగా తీశారు. ఇంతకంటే ఇంకొంచెం లోపలికి, వంటింటి గడప దాకా మన కథ రావాలని నా ఆశ.

సరుకు మన దగ్గర లేక కాదు. ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఇల్లు ఊహించుకోండి. బోర్లించిన కుండ వేడెక్కుతుంటుంది. జారుడు పిండిలో ముంచిన గుడ్డను దాని మీద ఒక్క లాగు లాగితే, కాగితం కంటే పల్చటి రేకు లేస్తుంది. ఒక్కో చేతి రేకు ఒక్కో తీరు. ఎవరు తీశారో చెయ్యి తిరిగినవాళ్ళు వెలుగుకు పట్టి చూస్తే చెప్పగలరు. వేలిముద్ర కంటే అది తక్కువ సాక్ష్యమా? 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పూతరేకు, 2017లో పొందిన బందరు లడ్డు, తాపేశ్వరం మడత కాజా, మాడుగుల హల్వా, ఒక్కోదాని వెనక ఒక ఊరుంది. ఊరంతా తెలిసిన ఒక పిన్నిగారో, దుకాణంలో నలభై ఏళ్ళు పాకం పట్టిన ఒక బాబాయో ఉన్నారు. పెళ్ళి విడిదిలో కావిడి నుంచి ఒక బిందె సారె మారిపోయింది అనుకుందాం. పోలీసులు రాకముందే ఎవరు ఎవరింటి మిఠాయి తిన్నారో, ఎవరు వద్దన్నారో తెలిసిన మనిషి ఆ ఇంట్లోనే ఉంటుంది. ఆమెను కథానాయికను చేసే రచయిత కోసం ఎదురుచూస్తున్నాను.

మళ్ళీ మా అమ్మమ్మ దగ్గరికి వస్తాను. ఆ సాయంత్రం దొంగ పేరు ఆవిడ ఎవరికీ చెప్పలేదు. మాకందరికీ వాడెవడో తెలుసు, ఆవిడకు తెలుసని వాడికీ తెలుసు. డబ్బా ఇక అటకెక్కుతుందనుకున్నాం. మరునాడు పొద్దున లేచి చూస్తే అది అదే గూట్లో, అందే ఎత్తులో ఉంది. ఆ సెలవులు అయిపోయేదాకా అందులో ఒక్క ఉండ తగ్గలేదు.

మొదలుపెట్టాలనుకునేవారికి

• అగాథా క్రిస్టీ ‘ద థర్టీన్ ప్రాబ్లమ్స్’ (1932): ‘వందలూ వేలూ’ కథతో మొదలయ్యే మిస్ మార్పుల్ కథల సంపుటి. రాత్రికొకటి చొప్పున చదువుకోవచ్చు.

• ఆంథొనీ బర్క్‌లీ ‘ద పాయిజన్డ్ చాక్లెట్స్ కేస్’ (1929): ప్రతి జవాబు దగ్గరా ఆగి, మీ జవాబు కాగితం మీద రాసుకుని ముందుకు వెళ్ళండి.

• జోఆన్ ఫ్లూక్ ‘చాక్లెట్ చిప్ కుకీ మర్డర్’ (2000): అమెరికా చిన్న పట్నం, బేకరీ, ఊరి కబుర్లు. కుకీల కొలతలు అదనం.

• వసీం ఖాన్ ‘ది అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఇన్హెరిటెన్స్ ఆఫ్ ఇన్‌స్పెక్టర్ చోప్రా’ (2015): ముంబైలో పదవీ విరమణ చేసిన పోలీసు, అతనికి వారసత్వంగా వచ్చిన ఏనుగు పిల్ల. చాక్లెట్ అంటే ఆ ఏనుగుకు ప్రాణం.

• రిచర్డ్ ఆస్మన్ ‘ద థర్స్‌డే మర్డర్ క్లబ్’ (2020): వృద్ధుల నివాసంలో నలుగురు స్నేహితులు, ఒక హత్య, మధ్యలో జాయిస్ చేతి కేకులు. వయసు మీదపడితే బుర్ర పదునెక్కుతుందని నమ్మించే నవల.